నిలుకడ – గుణమా? అలవాటా?

(బిలోలి వర్తకుడొకడు)

మన వర్తక కుటుంబములలో ఒక మనిషిని మెచ్చుకొనుటకు వాడు మాట ఒకటి కలదు: "అతడు 30 ఏండ్లు ఒకే గద్దె దగ్గర పనిచేసినాడు." ఈ మాట చెప్పిన తరువాత అతని తెలివిని గూర్చి గాని, చేతివ్రాతను గూర్చి గాని, లెక్కల నేర్పును గూర్చి గాని ఎవరును అడుగరు. అంతటితో అతని గుణము రుజువైనట్లే భావింతుము. మరియొక గుమాస్తా మన దగ్గర నాలుగేండ్లు పనిచేసి, జీతము కొంచెము ఎక్కువ ఇచ్చు దుకాణమునకు పోయినచో, "తిన్న ఉప్పును మరచినాడు" అందుము.

ఈ రెండు మాటలను మనము ఎంత తరచుగా వాడుచున్నామో అంతగా వానిని తూచి చూడలేదని నాకు తోచుచున్నది. తూకము మన వృత్తి. మిర్చి బస్తానైనను రెండుమారులు తూచనిదే గోదాములో దించము. మనుష్యుని గుణమును మాత్రము ఒక్క మాటతో కొలిచివేయుట న్యాయమా? ఒకేచోట నిలిచియుండుట తనంత తానే గుణమగునా? లేక అది కేవలము అలవాటో, భయమో, వేరు దారి లేకపోవుటయో కావచ్చునా? పాఠకుల యెదుట ఈ ప్రశ్నను ఉంచి, నాకు తోచినంతవరకు ఆలోచించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ ప్రశ్న ఇప్పుడు ఇంటింటను వినబడుచున్నది. బిలోలి, ధర్మాబాదు, దెగ్లూరు, కొండల్వాడి వంటి ఊళ్లలో తండ్రి దుకాణములో కూర్చుండక నాందేడునకో, నిజామాబాదునకో, హైదరాబాదునకో పోవు పిల్లలు చాల ఇండ్లలో ఉన్నారు. దుకాణములో పనిచేయు కుర్రవాడు చేతిలోని ఫోనులోనే మరియొక ఊరి జీతము ఎంతో తెలిసికొనుచున్నాడు. "ఈ కాలపువారికి నిలుకడ లేదు" అని పెద్దలు నిందింతురు. "నిలిచినవారికి ఏమి మిగిలినది?" అని పిల్లలు తిరిగి అడుగుదురు. ఈ రెండవ ప్రశ్నకు మనలో చాలమంది దగ్గర తిన్నని సమాధానము లేదు.

మన దుకాణముల ఉదాహరణములనే తీసికొన్నచో ప్రతివాడును తన గుమాస్తానో, తన యజమానినో తలచుకొని వాదించును, నిజము తేలదు. అందుచేత మన వ్యాపారముతో ఏ సంబంధమును లేని ఒక వృత్తినుండి ఉదాహరణము తీసికొందును. అది ఫుట్‌బాల్ ఆటలో గోల్‌కీపరు వృత్తి.

గోల్‌కీపరు లెక్క

ఆట తెలియని పెద్దలకొరకు రెండు మాటలు చెప్పవలెను. జట్టునకు 11 మంది. వారిలో 10 మంది ఆట సాగుచుండగా బంతిని చేతితో తాకరాదు. పదునొకండవవాడగు గోల్‌కీపరు మాత్రము తన గోలు ముందరి హద్దులో చేతులతో పట్టవచ్చును. అతని వెనుక 24 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు గల ఖాళీ స్థలముండును. 90 నిమిషములు దానిని కాచుట అతని పని.

ఈ పనిలో ఒక విశేషమున్నది. గోలు వేసినవానిని జనులు భుజములపై మోయుదురు. గోలు ఆపినవానికి చప్పట్లు కొట్టి మరుక్షణమున మరచిపోవుదురు. ఎందుకనగా ఆపిన గోలు లెక్కలోనికి రాదు, పలకమీద వ్రాయబడదు. తప్పిపోయినది మాత్రము వ్రాయబడును. మన రోకడు వ్రాయు మునీముగారి గతియు ఇంతే. ఏడాదికి వేల పద్దులు సరిగా వ్రాసినందుకు ఎవరును దండ వేయరు. దీపావళి దినమున ఒక్క పద్దు తేడా వచ్చినచో ఇల్లంతయు ఆయన వైపే చూచును. ఇట్టి వృత్తిలో నిలిచియున్న మనిషిని పరీక్షించినచో నిలుకడయొక్క నిజస్వరూపము బయటపడునని నా నమ్మకము.

మన హైదరాబాదు జట్టు

1956 నవంబరు 1వ తేదీ వరకు మన బిలోలి తాలూకా హైదరాబాదు రాష్ట్రములోనిదే. ఆ దినమున నాందేడు జిల్లా బొంబాయి రాష్ట్రములో చేరినది. 1960 మే 1 నుండి మహారాష్ట్రములోనిదైనది. కనుక ఆనాటి హైదరాబాదు ఆటగాండ్రు మనకు పరాయివారు కారు.

ఆ కాలమున హైదరాబాదు సిటీ పోలీసు జట్టు దేశములోని గొప్ప జట్టులలో ఒకటి. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయిలోని రోవర్స్ కప్పును ఆ జట్టు గెలిచెను. దానికి గురువు సయ్యద్ అబ్దుల్ రహీముగారు. ఆయన మొదట బడిపంతులు. భారతదేశపు జట్టునకును ఆయనయే శిక్షకుడు. 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడలలో మన దేశము స్వర్ణపతకము గెలుచుకొన్నది ఆయన శిక్షణలోనే. అంతటి కీర్తి వచ్చినను 1963 జూన్ 11న మరణించువరకు ఆయన హైదరాబాదు పోలీసు జట్టును విడువలేదు.

ఆ నగరముననే 1935లో జన్మించిన పీటర్ తంగరాజుగారు మన దేశపు గొప్ప గోల్‌కీపరులలో ఒకరు. చిన్నతనమున సికింద్రాబాదు క్లబ్బులలో ఆడి, తరువాత సైన్యమున మద్రాసు రెజిమెంటల్ సెంటరు జట్టులో చేరిరి. ఆ జట్టు 1955లోను, 1958లోను డ్యూరండ్ కప్పు గెలిచినది. తరువాత కలకత్తాకు పోయి మహమ్మదన్ స్పోర్టింగ్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ అను మూడు పెద్ద క్లబ్బులకును ఆడిరి. 1962 జకార్తా ఫైనలులో మన గోలు కాచినవారు ఆయనయే. 1967లో అర్జున పురస్కారము పొందిరి. క్లబ్బులు మారిన ఈ గోల్‌కీపరును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. ఆయన ప్రసక్తి తిరిగి వచ్చును.

మన జిల్లా బొంబాయి రాష్ట్రములో చేరిన మరుసటి నెలలోనే, అనగా 1956 డిసెంబరులో, రహీముగారి శిక్షణలో మన జట్టు మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో ఆస్ట్రేలియాను 4-2 గోలులతో ఓడించి సెమీఫైనలునకు చేరెను. హైదరాబాదు ఆటగాండ్రు పలువురు ఆ జట్టులో ఉండిరి; తంగరాజుగారును ఉండిరి. సెమీఫైనలులో యుగోస్లావియా మనలను 4-1 తో ఓడించెను. మన జట్టునకు నాలుగవ స్థానము దక్కినది. మనలను ఓడించిన ఆ యుగోస్లావియాకు ఫైనలులో ఒక్క గోలైనను దొరకలేదు. సోవియట్ జట్టు 1-0 తో గెలిచినది. ఆ సోవియట్ గోలు ముందర నిలిచిన మనిషి పేరు లెవ్ యాషిన్. ఒకే క్లబ్బునకు జీవితమంతయు ఆడిన గోల్‌కీపరు అనగా లోకమునకు ముందుగా జ్ఞప్తికి వచ్చువారిలో అతడొకడు. మన ప్రశ్నకు అతని కథ చక్కని తక్కెడ.

యాషిన్ కథ

యాషిన్ 1929 అక్టోబరు 22న మాస్కోలో కార్మికుల ఇంట పుట్టెను. యుద్ధము వచ్చినప్పుడు బాలుడుగానే కర్మాగారములో పనిలో చేరెను. కర్మాగారపు జట్టులో ఆడుచుండగా డైనమో మాస్కో క్లబ్బువారి కంట పడెను. మన హైదరాబాదు జట్టు పోలీసు శాఖది అయినట్లే, 1923లో స్థాపింపబడిన డైనమో సంఘమును అక్కడి పోలీసు, భద్రతా శాఖలకు చెందినది.

1950లో అతడు పెద్ద జట్టులో దిగెను. ఆరంభము అవమానకరముగా జరిగెను. ఒక స్నేహపూర్వక పోటీలో ఎదుటి జట్టు గోల్‌కీపరు దూరమునుండి తన్నిన బంతిని అందుకొనబోయి, తన జట్టువానినే గ్రుద్దుకొని, ఆ బంతిని తన గోలులోనికి పోనిచ్చెను. గోల్‌కీపరు గోల్‌కీపరునకు గోలు వేయుట ఎంత నగుబాటో ఆట తెలిసినవారికి చెప్పనక్కరలేదు. ఆ ఏడు లీగులో రెండు ఆటలు మాత్రమే ఆడించిరి. తరువాత 1953 వరకు పెద్ద జట్టులో అతనికి చోటు లేదు. ఆ చోటున "పులి" అని పేరొందిన ఖోమిచ్ ఉండెను. 1945లో డైనమో జట్టు ఇంగ్లండు పర్యటించినప్పుడే ఖోమిచ్ అచ్చటి జనులచేత మెప్పు పొందినవాడు.

ఈ మూడేండ్లు యాషిన్ ఏమి చేసెను? క్రింది జట్టులో ఆడెను. ఖోమిచ్ ఎట్లు సాధన చేయునో చూచి నేర్చుకొనెను. అదే సంఘముయొక్క మంచు హాకీ జట్టులోను గోలు కాచెను. 1953లో ఆ హాకీ జట్టు సోవియట్ కప్పు గెలిచినది. ఆ ఆటలోనే స్థిరపడు అవకాశమును కలిగెను. సరిగా అప్పుడే ఫుట్‌బాల్ జట్టులో చోటు ఏర్పడినది. అటుపిమ్మట 1970 వరకు ఆ గోలును అతడు విడువలేదు. లీగులో డైనమో తరఫున 326 ఆటలు ఆడెను. 1954, 1955, 1957, 1959, 1963 సంవత్సరములలో డైనమో ఐదుమారులు దేశపు విజేత అయినది. 1960లో పారిస్‌లో జరిగిన మొదటి ఐరోపా దేశముల కప్పు ఫైనలులో సోవియట్ జట్టు మరల యుగోస్లావియానే 2-1 తో ఓడించినప్పుడును గోలులో అతడే.

ఇచ్చట ఒక్క క్షణము ఆగి ఖాతా చూడవలెను. "యాషిన్ 20 ఏండ్లు డైనమోను విడువలేదు" అని లోకము చెప్పును. అది జమా వైపు పద్దు. ఖర్చు వైపున వ్రాయవలసిన పద్దు ఒకటి ఉన్నది: "నగుబాటు చేసిన కుర్రవానిని డైనమో మూడేండ్లు విడువలేదు." కాలక్రమమున ఈ రెండవ పద్దే ముందరిది. క్లబ్బు ముందు నిలిచినది. మనిషి తరువాత నిలిచినాడు. విశ్వాసము అను ఖాతాలో మొదటి పెట్టుబడి బలవంతుడు పెట్టవలెనని ఇందువలన తెలియుచున్నది. యజమానికి ఒక గుమాస్తా పోయినచో మరియొకడు దొరకును. గుమాస్తాకు పని పోయినచో ఆ నెల ఇంటిలో పొయ్యి సంగతి ఆలోచింపవలెను. కనుక నష్టమును ఓర్చుకొనగల పక్షమే మొదట ఓర్చుకొనవలెను.

రెండవ పరీక్ష 1962లో వచ్చెను. చిలీ దేశమున జరిగిన ప్రపంచ కప్పులో కొలంబియాతో సోవియట్ జట్టు 4-1 ఆధిక్యములో ఉండి కూడ 4-4 తో ఆట ముగించినది. ఆ నాలుగింటిలో ఒకటి మూలనుండి కొట్టిన బంతి, ఎవరికిని తగులక నేరుగా గోలులోనికి పోయినది. తరువాత క్వార్టరు ఫైనలులో చిలీ 2-1 తో గెలిచినది. ఆ ఆటలను టెలివిజనులో చూచు వీలు సోవియట్ ప్రజలకు అప్పుడు లేదు. పత్రికలో చదివినదే ఆధారము. నింద అంతయు యాషిన్ మీద పడెను. మాస్కోలో అతని ఇంటి కిటికీ అద్దములు పగులగొట్టిరి. మైదానమున దిగినచో ఈలలు వేసి గేలిచేసిరి. వయస్సు 32 దాటినది. ఇక పనికిరాడు అని పత్రికలు వ్రాసినవి. అతడును ఆట మానుకొనవలెనని తలచి కొంతకాలము మైదానమునకు దూరముగా ఉండెను.

క్లబ్బు అతని స్థానమును తీసివేయలేదు. అతడు తిరిగి వచ్చెను. 1963లో లీగులో 27 ఆటలు ఆడి 6 గోలులు మాత్రమే ఇచ్చెను. డైనమో విజేత అయినది. ఆ అక్టోబరులో లండను వెంబ్లీ మైదానమున ఇంగ్లండునకును, ప్రపంచపు ఎన్నిక జట్టునకును జరిగిన ఆటలో మొదటి సగము అతడు కాచెను. ఒక్క గోలైనను పోలేదు. ఆ ఏడే ఐరోపాలోని ఉత్తమ ఆటగానికి ఫ్రెంచి పత్రిక ఇచ్చు బంగారు బంతి బహుమతి అతనికి వచ్చెను. 1956లో మొదలైన ఆ బహుమతిని నేటివరకు పొందిన గోల్‌కీపరు అతడొక్కడే.

మూడు ఆక్షేపణలు

ఇంతవరకు కథ వినుటకు బాగున్నది. అయితే విమర్శించువాడు ఊరకుండడు, ఊరకుండరాదు కూడ.

మొదటి ఆక్షేపణ ఇది: యాషిన్ డైనమోను విడువలేదని మెచ్చుకొనుచున్నారు, విడుచుటకు అతనికి వీలున్నదా? ఆ దినములలో సోవియట్ ఆటగాడు విదేశపు క్లబ్బులో చేరుటకు వీలు లేదు. ఇటలీ, స్పెయిన్ క్లబ్బులు ఎంత ధనము పోసినను అతడు పోజాలడు. తలుపు వేసిన గదిలో కూర్చున్నవానిని "కదలకుండ కూర్చున్నాడు" అని పొగడుట ఏమి న్యాయము?

ఈ ఆక్షేపణ బలమైనది. దీనిని నేను ఒప్పుకొందును. ఒప్పుకొన్నచో 20 ఏండ్లు అను అంకె అతని గుణమునకు రుజువు కాజాలదు. అప్పుడు మిగులునదేమి? అతని చేతిలో ఉన్నది మిగులును. మూడేండ్లు క్రింది జట్టులో ఉన్నప్పుడు సాధనను సడలింపకుండుట అతని చేతిలో ఉన్నది. గేలిచేసిన జనుల యెదుటికే తిరిగి వచ్చి నిలుచుట అతని చేతిలో ఉన్నది. ఈ రెండును అతని చేత ఎవరును బలవంతముగా చేయింపలేదు. కనుక గుణమును ఏండ్లలో వెదకరాదు. ఆ ఏండ్లలో జరిగిన పనిలో వెదకవలెను.

ఈ న్యాయమునే మన ఊరికి వర్తింపజేయుదము. బిలోలిలో వేరు పని దొరకక 30 ఏండ్లు మన గద్దె దగ్గర ఉండిపోయిన మునీముయొక్క 30 ఏండ్లు అతని విశ్వాసమునకు సాక్ష్యము కావు. ఆ 30 ఏండ్ల పద్దులలో ఒక్క పైసాకైనను అబద్ధము లేకపోవుట సాక్ష్యము. అట్లే, "మా మునీము ఎక్కడికిని పోలేదు" అని యజమాని గర్వపడుటకును హక్కు లేదు. పోవుటకు దారి ఉండియు పోనివానిని గూర్చియే ఆ మాట చెప్పవలెను.

రెండవ ఆక్షేపణ: నిలుకడయే గుణమైనచో క్లబ్బులు మారిన తంగరాజుగారు గుణహీనులా? ఈ ప్రశ్నకు లేదని చెప్పుటకు ఆలోచనయే అక్కరలేదు. ఆయన ఏ జట్టు గోలు ముందర నిలిచినను ఆ 90 నిమిషములు ఆ గోలునే కాచిరి. మోహన్ బగాన్‌కు ఆడునప్పుడు ఈస్ట్ బెంగాల్ మేలు తలచలేదు. ఈస్ట్ బెంగాల్‌కు ఆడునప్పుడు పాత క్లబ్బునకు గోలు విడువలేదు. ఒకచోట ఒప్పుకొన్న పని ముగించి, చెప్పి, మరియొకచోటికి పోవుట ద్రోహము కాదు. ద్రోహమనగా ఇచ్చట జీతము తినుచు అచ్చటి లాభమునకు పనిచేయుట. మన బజారులో ఒక గుమాస్తా ముందుగా నెల గడువు చెప్పి, ఖాతాలన్నియు అప్పగించి, బాకీల పట్టీ వ్రాసి ఇచ్చి పోయినాడనుకొనుడు. మరియొకడు 30 ఏండ్లు కదలక, గిరాకీ పేర్లను, ధరలను ఎదుటి దుకాణమునకు చేరవేయుచుండెననుకొనుడు. వీరిలో విశ్వాసపాత్రుడెవడు? నిలిచినవాడు కాదు గదా!

అట్లయినచో ఒకేచోట నిలుచుటలో ఏ విలువయు లేదా? ఉన్నది. అయితే ఆ విలువ మనము అనుకొన్నచోట లేదు. దానిని వేరుచోట వెదకవలెను.

యాషిన్ ఆటను చూచినవారందరును చెప్పు సంగతి ఒకటి కలదు. అంతకుముందు గోల్‌కీపరులు చాలవరకు గోలు గీతమీదనే నిలిచి బంతి వచ్చినప్పుడు ఆపెడివారు. అతడు ముందుకు వచ్చి, ప్రమాదము పుట్టకముందే బంతిని అందుకొనెడివాడు. ముందరి కావలివాండ్రను బిగ్గరగా పిలిచి, ఎవరు ఎక్కడ నిలువవలెనో చెప్పెడివాడు. బంతి చిక్కగానే తన వానికి విసరి ఎదురుదాడి మొదలుపెట్టెడివాడు. ఈ పద్ధతికి చేతుల నేర్పు ఒక్కటే చాలదు. అతడు ముందుకు వచ్చినప్పుడు వెనుక గోలు ఖాళీ అగును. "అతడు వచ్చును, మనము ప్రక్కకు తొలగవలెను" అని కావలివాడు కనుమూసి తెరచునంతలో నమ్మవలెను. అట్టి నమ్మకము ఒక్క దినములో రాదు. కలిసి ఆడిన వందల ఆటలలో కొంచెము కొంచెముగా కూడుకొనును. 1950లో అతడు తన జట్టువానినే గ్రుద్దుకొన్నది ఆ నమ్మకము ఇంకను ఏర్పడని దినములలో అని మరువరాదు.

ఈ నమ్మకము పెట్టుబడి వంటిది. అయితే సాధారణ పెట్టుబడికిని దీనికిని ఒక భేదమున్నది. రూపాయిని మూట కట్టుకొని ఏ ఊరికైనను పోవచ్చును. మనుష్యుల మధ్య పుట్టిన నమ్మకమును మూట కట్టి తీసికొనిపోలేము. ఆ మనుష్యులు ఉన్నచోటనే అది చెల్లును. ధర్మాబాదు మిర్చి బజారులో ఒక మునీము ముఖము చూచి రైతు సరుకు దించును. డబ్బు రేపు ఇత్తుమన్నను ఊరకుండును. ఆ మునీము వేరు ఊరికి పోయినచో అతని లెక్కల నేర్పు వెంట పోవును. ఈ పరపతి ఇచ్చటనే చెరిగిపోవును. కనుక వెళ్లువాడు లెక్క వేసికొనవలసినది జీతముల తేడా మాత్రమే కాదు. ఇచ్చట వదలిపోవుచున్న నమ్మకముయొక్క విలువను కూడ తూకములో పెట్టవలెను. పెట్టిన తరువాతను వెళ్లుటయే మేలని తోచినచో సంతోషముగా వెళ్లవలెను. పెద్దలు ఆశీర్వదించి పంపవలెను.

మూడవ ఆక్షేపణ: నిలుచుట అలవాటై, అలవాటు మమకారమై, మనిషి తన చోటును ఇతరులకు విడువకుండును గదా? నిజమే. 25 ఏండ్ల కుమారునికి తాళపుచెవి ఇయ్యని 70 ఏండ్ల తండ్రులు మనలో లేకపోలేదు. ఇది నిలుకడ అనిపించుకొనును గాని, నిజమునకు ఇది పట్టు. పరిగ్రహములో ఒక విధము. ధనమును మితిలో ఉంచుకొనవలెనని ఎరిగిన మనము గద్దెను కూడ మితిలో ఉంచుకొనవలెనని మరచుచున్నాము.

ఇచ్చటను యాషిన్ చరిత్ర వెలుగు చూపును. 1970లో మెక్సికోలో జరిగిన ప్రపంచ కప్పునకు 40 ఏండ్ల వయస్సులో అతనిని జట్టుతో తీసికొనిపోయిరి. గోలు కాచినవాడు కవజాష్విలి అను చిన్నవాడు. యాషిన్ ఒక్క ఆటయైనను ఆడక బల్లమీద కూర్చుండెను. చిన్నవారికి తెలిసినది చెప్పెను. లోకములో మరి ఏ గోల్‌కీపరునకును దక్కని బంగారు బంతి పొందినవానికి అట్లు కూర్చుండుట తేలిక కాదు. 20 ఏండ్ల క్రిందట ఖోమిచ్ వెనుక కూర్చుండి నేర్చుకొన్న ఓర్పే ఈనాడు ఉపయోగపడినది. చోటు కొరకు వేచియుండుట నేర్చినవానికే చోటు విడుచుటయు చేతనగును.

మన గద్దెల దగ్గర

1971 మే 27న మాస్కో లెనిన్ మైదానమున యాషిన్ వీడ్కోలు ఆట జరిగినది. లక్షమంది జనులు చూచిరి. బాబీ చార్ల్‌టన్, గెర్డ్ ముల్లర్ వంటి పరదేశపు మేటి ఆటగాండ్రు వచ్చి ఆడిరి. ఆట మానిన తరువాత డైనమో అతనిని ఇంటికి పంపివేయలేదు, సంఘములోనే ఉద్యోగమిచ్చినది. చివరి ఏండ్లలో జబ్బుచేసి ఒక కాలు తీసివేయవలసివచ్చెను. 1990 మార్చి 20న అతడు మరణించెను. 2019 నుండి, బంగారు బంతి ఇచ్చు ఆ ఫ్రెంచి పత్రికయే లోకములోని ఉత్తమ గోల్‌కీపరునకు యాషిన్ పేర ఒక బహుమతి ఇచ్చుచున్నది.

ఈ కథలో ఖర్చు వైపు పద్దును మరల చూడుడు. తప్పు చేసిన కుర్రవానిని ఉంచుకొనుట, నింద వచ్చిన దినమున చోటు నిలుపుట, పని మానిన తరువాత ఒక నీడ చూపుట — ఈ మూడును డైనమో చేసినవి. మన గద్దెలు ఈ మూడింటిలో ఎన్ని చేయుచున్నవి?

మునీము నిలుకడను పొగడుట మనకు ఖర్చులేని పని. పొగడ్త జీతములో లెక్కకు రాదు. కొన్నిచోట్ల ఆ పొగడ్తయే జీతము పెంచకుండుటకు సాధనమగుచున్నది. "మీరు ఇంటి మనిషి" అను మాట వినిన తరువాత మునీము జీతము సంగతి ఎత్తుటకు సిగ్గుపడును. ఇంటి మనిషి అని నిజముగా తలచినచో, ముసలితనమున ఇంటి మనిషికి చేసినంత చేయవలెను గదా? 60 ఏండ్లు నిండి, చూపు మందగించి, కంప్యూటరులో లెక్కలు వ్రాయు కుర్రవానికి కుర్చీ ఇచ్చి లేచిపోవు మునీము చేతిలో ఏమి పెట్టుచున్నాము? ఒక శాలువయు, మిఠాయి పొట్లమునా?

1972లో వచ్చిన గ్రాట్యుటీ చట్టము దీనికి ఒక లెక్క చూపినది. ఐదేండ్లు విడువక పనిచేసినవానికి ఏడాదికి 15 దినముల జీతము చొప్పున, విడిచిపోవునప్పుడు ఇయ్యవలెనని అది నిర్ణయించినది. అయితే 10 మంది పనివారున్న దుకాణములకే ఆ బాధ్యత పెట్టినది. మన ఊరి దుకాణములలో ముగ్గురు, నలుగురు ఉండుటయే గొప్ప. అనగా మనవంటి చిన్న గద్దెలను ఆ చట్టము మనస్సాక్షికే విడిచినది. ఆ లెక్కనే మనంతట మనము పాటించినచో 30 ఏండ్ల మునీమునకు 450 దినముల జీతము ఇయ్యవలసియుండును. ఒక్కసారి ఇయ్యవలెనన్న బరువుగా తోచును. ఏటేట 15 దినముల జీతము అతని పేర వేరుగా జమకట్టుచు పోయినచో ఏ యజమానియు దివాలా తీయడు.

కనుక నాకు తోచిన సమాధానము ఇది. నిలుకడ తనంత తాను గుణము కాదు, దోషమును కాదు. నిలిచినచోట పని నమ్మకముగా చేసి, తన చోటు ఇతరులకు విడువవలసిన దినమున విడువగలిగినచో అది గుణము. అట్టి గుణము ఒక్క పక్షమున పెరుగదు. రెండవ పక్షము దానికి నీరు పోయవలెను. ఆ నీరు ముందుగా పోయవలసినది గద్దెమీద కూర్చున్నవాడు. "నిలిచినవారికి ఏమి మిగిలినది?" అని అడుగు పిల్లలకు మన మాటలతో జవాబు చెప్పలేము. మన దుకాణములో ముసలివాడైన మునీముయొక్క ఇల్లు ఎట్లున్నదో వారు చూచుచునే ఉన్నారు. అదియే మన జవాబు.

దీపావళికి మనమందరము క్రొత్త ఖాతాలు తెరతుము. పాత బాకీలు ఒక పుటలో దించుకొందుము. వచ్చు దీపావళికి ఆ పుటలోనే మన దగ్గర పనిచేయువారి పేర్లు, వారు వచ్చిన సంవత్సరము, వారికి ఇంతవరకు జమకట్టినది ఎంతయో వ్రాసికొనవలెనని పాఠక మహాశయులకు నా మనవి. కొందరి పేర్ల కెదురుగా ఆ గడి ఖాళీగా కనబడవచ్చును. ఆ ఖాళీయు మన బాకీలలో ఒకటియే.